పప్పా, గింజా, కాయా?

సందేహం: మా మరిది బేగంబజార్‌లో అరకిలో బ్రెజిల్ నట్స్ కొన్నాడు. తినగా మిగిలిన వాటిలో నాలుగు తీసుకెళ్ళి డాబా మీద కుండీలో నాటాడు. ఆరు నెలలైంది, ఏమీ రాలేదు. ఈ సంగతిని మా అపార్ట్‌మెంట్ సంచికకు సరదాగా రాద్దామని కూర్చుంటే మాటల దగ్గర ఆగిపోయాను. బ్రెజిల్ నట్‌ను తెలుగులో కాయ అనాలా, గింజ అనాలా, పప్పు అనాలా? మా మామగారు ‘బ్రెజిల్ బీజఫలం’ అని రాయమంటున్నారు. మా వీధి గుడిలో ఉన్న నాగలింగం చెట్టు ఇదేనని అక్కడి తోటమాలి అంటున్నాడు, నిజమేనా? ‘నాటాడు’ అన్న మాట సరైనదేనా? – ఒక పాఠకురాలు, తార్నాక

సమాధానం: మీ మామగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, బీజఫలం వద్దమ్మా. బీజం అంటే విత్తనం, ఫలం అంటే పండు. రెండూ కలిపితే గింజలున్న పండు అని తప్ప ఇంకేమీ తెలియదు. ఆ లెక్కన జామపండూ బీజఫలమే, సీతాఫలమూ బీజఫలమే. పైగా మీ మరిది కొన్నది పండు కానే కాదు.

అసలు చిక్కంతా ‘నట్’ దగ్గర ఉంది. మన వీధుల్లో నట్టు అంటే బోల్టుకు బిగించేదే. ఇంగ్లీషువాళ్ళు బాదం, జీడిపప్పు, కొబ్బరికాయ, వేరుశెనగ, వక్క అన్నిటినీ ఆ ఒక్క మాట కింద వేసేస్తారు. తెలుగులో అలాంటి గంపగుత్త మాట లేదు. లేదని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. వృక్షశాస్త్రాన్ని అడిగితే ఆ అయిదింటిలో ఒక్కటి కూడా అసలైన నట్ కాదంటుంది. మీ బ్రెజిల్ నట్ కూడా కాదు, అది ఒట్టి విత్తనం.

తెలుగువాళ్ళ చూపు వేరు. పైనుంచి లోపలికి ఒక్కో పొరకూ, ఒక్కో దశకూ ఒక్కో పేరు పెట్టుకుంటూ పోతారు. తాటికాయనే చూడండి. కాయ లేతగా ఉంటే లోపలిది ముంజ. పండితే అదే టెంక. టెంకను మట్టిలో పాతిపెడితే వచ్చేది తేగ, కొన్నిచోట్ల గేగు అంటారు. తేగ తీశాక ఆ టెంకను పగలగొడితే లోపల తియ్యగా, మెత్తగా ఉండేది బుర్రగుంజు. ఒక్క విత్తనం వెంట ఇన్ని పేర్లు! మామిడికి టెంక, ఆ టెంక లోపల జీడి. కొబ్బరికి పీచు, చిప్ప, లోపల కొబ్బరి. ఇవన్నీ పిల్లలు వీధిలో ఆడుకుంటూ నేర్చుకునే మాటలు. ఇప్పటి పిల్లలకు టెంకకూ పిక్కకూ తేడా తెలియదని నాకు కొంచెం దిగులు, కానీ అది మీ ప్రశ్న కాదు.

ఇక పప్పు. కందులు పొట్టుతో ఉంటాయి. పొట్టు పోయి బద్దలయితే కందిపప్పు. పెసలు, పెసరపప్పు. మినుములు, మినప్పప్పు. అంటే పైపొర తీసేశాక తినడానికి సిద్ధంగా ఉన్న లోపలి భాగమే పప్పు. బద్దలు కాకపోయినా సరే, పెంకు పోతే చాలు. బాదంపప్పు, జీడిపప్పు, పిస్తాపప్పు, మన సారపప్పు అన్నీ ఈ దారిన వచ్చినవే. కాబట్టి కొట్లో పెంకు తీసి అమ్మే తెల్లటి బ్రెజిల్ నట్‌కు తెలుగులో సిసలైన పేరు బ్రెజిల్ పప్పు. బజారులో ఎవరూ అలా అనరు కదా అని మీరు అడగవచ్చు. అనరు, ఆ సరుకు మనకు కొత్త. కానీ ఒకసారి పైకి అని చూడండి, నాలుకకు ఎక్కడా తట్టదు. గోధుమరంగు పెంకుతో, మూడు పలకలుగా ఉంటే అది బ్రెజిల్ గింజ. ఈ రెండింటినీ కాయ అనకూడదు. ఎందుకంటే కాయ వేరే ఉంది, అది ఆషామాషీ కాయ కాదు.

ఈ చెట్టు పుట్టిల్లు అమెజాన్ అడవి. బ్రెజిల్‌తో పాటు బొలీవియా, పెరూల్లోనూ పెరుగుతుంది. 50 మీటర్ల దాకా పోతుంది, అంటే మన చార్మినార్ ఎత్తుకు కాస్త అటూ ఇటూ. చుట్టూ ఉన్న చెట్ల తలలు దాటిపోయి, పైన గొడుగు విప్పుతుంది. మనం మిరపనూ చెట్టే అంటాం, మర్రినీ చెట్టే అంటాం కానీ, ఇలాంటి దానికి వేరే మాట ఉంది: మాను. మొక్కై వంగనిది మానై వంగునా అన్నప్పుడు ఆ మాను. మీ వ్యాసంలో ‘భారీ వృక్షం’ అని రాసి ఉంటే కొట్టేసి ‘మాను’ అని రాయండి.

ఆ మాను కొమ్మల చివర మీగడరంగు పూలు పూస్తాయి. పువ్వు ముదురు కాయ కావడానికి 14 నెలల దాకా పడుతుంది. కాయ గుండ్రంగా 10 నుంచి 15 సెంటీమీటర్లు ఉంటుంది, 2 కిలోల దాకా తూగుతుంది. పైన చెక్కలాంటి గట్టి డొల్ల. దాన్ని కత్తితో నరికితే లోపల బత్తాయి తొనల్లా ఒద్దికగా పేర్చిన గింజలు, సుమారు 10 నుంచి 25. అంత ఎత్తు నుంచి అది రాలిపడితే మనిషి మిగలడు. అందుకే ఏరుకునేవాళ్ళు గాలివాన రోజుల్లో ఆ చెట్ల కిందికి పోరు. దీన్ని బ్రెజిల్ కాయ అనండి. గింజలు తీసేసిన ఖాళీ డొల్లకు ‘బుర్ర’ అన్న మాట అతికినట్టు సరిపోతుంది, సొరకాయ బుర్రలాగా.

ఆ బుర్రకు ఒక కథ ఉంది. అంత గట్టి కాయను పళ్ళతో కొరికి తెరిచే పనివాడు అడవిలో ప్రధానంగా ఒకడే, అగూటి అనే జంతువు. ఎలుకల వంశానిదే గానీ పిల్లికి తీసిపోని సైజు. కొన్ని గింజలు తింటుంది, మిగిలినవి తలా ఒకచోట మట్టిలో దాచుకుంటుంది, కొన్నిటిని మరిచిపోతుంది. మరిచిపోయినవే మొలుస్తాయి. కొరికి వదిలేసిన బుర్రలో వాననీళ్ళు నిలిస్తే ఒక జాతి చిన్న కప్ప తన తోకకప్పలను అందులో పెంచుకుంటుంది. కరి మింగిన వెలగపండు అని మనం అంటాం కదా, లోపల ఏమీ మిగలలేదని! ఇక్కడ మాత్రం మింగేశాక కూడా లోపల కాపురాలు ఉన్నాయి.

పేర్లు పెట్టడంలో మనవాళ్ళ నేర్పుకు ఒక సాక్ష్యం చెప్పకుండా ముందుకు పోలేను. జీడిమామిడి కూడా బ్రెజిల్ చెట్టే. పోర్చుగీసువాళ్ళు 16వ శతాబ్దంలో మన దేశానికి తెచ్చారు. దాన్ని చూసిన మొదటి తెలుగువాడికి రెండు తెలిసిన చెట్లు గుర్తొచ్చాయి. ఒకటి జీడి, చాకళ్ళు బట్టల మీద గుర్తు పెట్టే నల్లటి రసం దాని గింజల్లో ఉంటుంది. కొత్త చెట్టు గింజ పెంకులోనూ అలాగే చర్మాన్ని పొక్కించే రసం ఉంది. రెండోది మామిడి. రెండూ కలిపి జీడిమామిడి అన్నాడు. తర్వాత శాస్త్రవేత్తలు చూస్తే జీడి, మామిడి, జీడిమామిడి మూడూ ఒకే కుటుంబం! ఆ పేరు పెట్టినవాడు ఎవరో గానీ, వాడికి నా నమస్కారం.

బొలీవియావాళ్ళు చేసిందీ ఇలాంటిదే. ప్రపంచానికి ఈ పప్పును ఎక్కువగా పంపేది ఆ దేశమే. వాళ్ళు బ్రెజిల్ పేరు ఎందుకు ఎత్తుతారు? ‘అల్మెంద్రా’ అంటారు. స్పానిష్‌లో ఆ మాటకు బాదం అని అర్థం. మనమూ ‘సీమబాదం’ అందామా అని నాకూ ఒక క్షణం ఆశ పుట్టింది, సీమచింత, సీమతుమ్మ ఉన్నాయి కదా అని. కానీ బాదం పేరు ఇప్పటికే నలిగిపోయింది. మన వీధుల్లో ఎర్రగా ఆకులు రాల్చే బాదం చెట్టు అసలు బాదమే కాదు. గుర్రపు బాదం ఇంకోటి. మూడో తప్పు మనం చేయొద్దు.

ఇక తోటమాలి మాట. సగం నిజం. నాగలింగమూ బ్రెజిల్ పప్పు చెట్టూ ఒకటి కావు, దాయాదులు. రెండూ ఒకే కుటుంబంలోవి, రెండూ దక్షిణ అమెరికా నుంచి వచ్చినవే. పడగ కింద లింగంలా ఉండే ఆ పువ్వును చూసి శివుడికి ఇచ్చేశాం గానీ, నాగలింగం మన పురాణాల నాటి చెట్టు కాదు. తేడా పట్టడం తేలిక. నాగలింగానికి పూలూ కాయలూ కాండం మీదే, తాళ్ళలా వేలాడే కాడలకు వస్తాయి. పూలు ఎర్రగా, గుప్పున వాసన వేస్తాయి. కాయ పగిలితే కంపుకొట్టే గుజ్జు, అందులో వందల చిన్న గింజలు. బ్రెజిల్ కాయలో గింజలు తక్కువ, పెద్దవి, ఒక్కో గింజకూ దాని పెంకు దానికి ఉంటుంది. తోటమాలి కాయ గుండ్రదనం చూసి చెప్పి ఉంటాడు. ఆ కన్ను మాత్రం మెచ్చుకోదగ్గదే.

చివరికి మీ మరిది కుండీ. ఇక్కడ భాషే సగం జవాబు చెబుతుంది. తెలుగులో గింజ అనేది రూపాన్ని బట్టి, పప్పు అనేది తినడాన్ని బట్టి, విత్తనం అనేది వేయడాన్ని బట్టి వచ్చిన పేరు. ఇంట్లో ఉన్నవన్నీ వడ్లే, విత్తడానికి వేరుగా తీసి పెట్టినవే విత్తనపు వడ్లు. పెసలు నానబెడితే మొలకెత్తుతాయి, పెసరపప్పు నానబెడితే ఉబ్బుతుందంతే. కొట్లో కొన్న బ్రెజిల్ పప్పు ఎండిపోయిన సరుకు, అది మొలవదు. నర్సరీలవాళ్ళు పెంకు జాగ్రత్తగా తీసి మొలిపిస్తారు, నిజమే. కానీ వాళ్ళు తీసేది ఎండని, పచ్చి గింజ పెంకు. పెంకుతోనే వేస్తే మొలకకు ఏడాదీ ఏడాదిన్నరా పడుతుంది. ఆ లెక్కన ఆరు నెలలకే నిరాశ పడకూడదు గానీ, పప్పు విషయంలో ఆశ కూడా పెట్టుకోకూడదు.

పోనీ మొలిచిందే అనుకోండి. వాన ఏడాదికి 1400 మిల్లీమీటర్లకు తగ్గని చోట్ల పెరిగే చెట్టు అది. మన హైదరాబాద్‌లో పడేది 800 దాకా, పైగా ఏప్రిల్, మే ఎండలు. నీడలో, తడి ఆరకుండా, నీరు నిలవని ఎర్రమట్టిలో కుండీ మొక్కగా కొన్నేళ్ళు బతికించవచ్చు. కాపు మాట మరవాలి. గింజ నుంచి వచ్చిన చెట్టు కాపుకు రావడానికి పదేళ్ళ పైమాటే. ఒంటి చెట్టుకు సరిగా కాయ పట్టదు. పువ్వు మీద ఉండే మూతను ఎత్తగలిగే బలమైన పెద్ద తేనెటీగలు కూడా కావాలి.

‘నాటాడు’ అన్న మాటకు వస్తే, నారు, మొక్క అయితే నాటడం. చిన్న గింజలు చల్లడం, విత్తడం. తెలంగాణ పల్లెల్లో వడ్లు అలుకుతారు. పత్తి గింజల్లా ఒక్కొక్కటీ చేత్తో మట్టిలోకి దింపితే అది పెట్టడం. మన దగ్గర పత్తి పెట్టిండ్రు అనే అంటారు. కాబట్టి మీ మరిది గింజ తెచ్చి ఉంటే ‘గింజలు పెట్టాడు’ అని రాయాల్సింది. పప్పు తెచ్చాడు కాబట్టి, ‘నాలుగు పప్పులు పాతిపెట్టాడు’ అని రాయండి. అన్నట్టు, మీరు ‘నట్స్’ దగ్గరే ఆగారు, సంతోషం. నిన్న మా వీధి కొట్లో ‘నట్స్‌లు ఉన్నాయా’ అని ఒకాయన అడిగితే, ‘డ్రై ఫ్రూట్స్‌లు కూడా ఉన్నాయి సార్’ అన్నాడు కొట్టతను.