స్టాక్ షార్టేజీ పేరుతో జీతంలో కోత చెల్లుతుందా?

ప్రశ్న: మాది రేణిగుంట. మా అమ్మాయి తిరుపతిలోని ఒక పెద్ద సూపర్ మార్కెట్‌లో సబ్బులు, క్రీముల ర్యాకుల దగ్గర రెండేళ్లుగా పనిచేస్తోంది. జీతం ఏజెన్సీ ద్వారా వస్తుంది. ఆడిట్‌లో షార్టేజీ తేలిందంటూ ఆ విభాగంలోని ఆరుగురికీ సమానంగా పంచి, ఈ నెల ఆమె జీతంలో రూ.2,800 పట్టుకున్నారు. అడిగితే, చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితం చూపిస్తున్నారు. ఇది చెల్లుతుందా?

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి ఈ కోత చెల్లదు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్, 2019 అనే చట్టంలోని 18వ సెక్షన్ ప్రకారం, సరుకు నష్టానికి జీతం కోయాలంటే ఆ సరుకును భద్రపరచే బాధ్యతను ఆ ఉద్యోగికి ప్రత్యేకంగా అప్పగించి ఉండాలి. పైగా నష్టం నేరుగా ఆ ఉద్యోగి నిర్లక్ష్యం వల్లనే జరిగి ఉండాలి. రోజంతా వందల మంది కొనుగోలుదారులు స్వయంగా చేయి పెట్టి తీసుకునే ర్యాకును ఒక సేల్స్ అమ్మాయికి అలా అప్పగించారని చెప్పడం కష్టం. కౌంటరు వెనక నుంచి సరుకు అందించే మనుషులను తగ్గించుకుని, ర్యాకులను తెరిచి పెట్టడం యాజమాన్యం తన లాభం కోసం ఎంచుకున్న పద్ధతి. అందులో వచ్చే చిల్లర దొంగతనాల నష్టం కూడా ఆ వ్యాపారానిదే అవుతుంది గాని, నెల జీతగాళ్లది కాదన్నది నా అభిప్రాయం. ఇక ఆరుగురికీ సమానంగా పంచారంటేనే, ఎవరి తప్పో వారు తేల్చలేదని అర్థం.

ఒకవేళ తప్పు ఉందనుకున్నా, 21వ సెక్షన్ ప్రకారం ముందుగా ఆమె సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనూ ఈ నియమం ఉండేది కనుక, ఇది యాజమాన్యాలకు కొత్త సంగతేమీ కాదు. చేరేటప్పుడు చేసిన సంతకం గురించి భయపడనక్కరలేదు. చట్టం అనుమతించని కోతకు ఉద్యోగి ముందుగానే ఒప్పుకున్నా అది చట్టబద్ధం కాదు.

ఏజెన్సీ, సూపర్ మార్కెట్ ఒకరి మీద ఒకరు చెప్పుకుని తప్పించుకోవడం ఇలాంటి వ్యవహారాల్లో మామూలే. వేతనాల కోడ్‌లోని 43వ సెక్షన్ దీనికి దారి మూసింది: జీతం ఇవ్వాల్సిన యజమాని ఇవ్వకపోతే, ఆమె పనిచేస్తున్న సంస్థ యాజమాన్యమే చెల్లించాలి. కాబట్టి అర్జీలో ఇద్దరినీ చేర్చండి.

మొదట, కోతకు కారణం, ఆడిట్ నివేదిక నకలు రాతపూర్వకంగా అడగమనండి. జీతం స్లిప్పు, బ్యాంకు ఖాతా వివరాలు, సూపర్‌వైజరు పంపిన వాట్సాప్ సందేశాలు భద్రపరచమనండి. సమాధానం రాకపోతే తిరుపతిలోని కార్మిక శాఖ కార్యాలయంలో అర్జీ ఇవ్వవచ్చు. 45వ సెక్షన్ కింద మూడేళ్లలోపు క్లెయిమ్ వేయవచ్చు. అధికారి బాకీ ఇప్పించడంతో పాటు, దానికి పది రెట్ల వరకు పరిహారం కూడా విధించవచ్చు. అక్రమంగా కోశారన్న వివాదంలో రుజువు భారం యజమాని మీదే ఉంటుందని 59వ సెక్షన్ చెబుతోంది. ఆరుగురూ కలిసి అర్జీ పెడితే మరీ మంచిది, ఎందుకంటే ఒక్కరిని ఏరి తీసేయడం అప్పుడు అంత తేలిక కాదు.

ఈలోగా "నేనే పోగొట్టాను" అని రాసి ఉన్న ఏ కాగితం మీదా, ఖాళీ కాగితం మీదా ఆమె సంతకం చేయకూడదు. న్యాయవాది ఫీజు గురించి వెనకాడకండి. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100 నంబరుకు ఫోన్ చేసి వివరాలు తెలుసుకోవచ్చు.