పర్లాకిమిడి తేమలో తోలు చెవిరింగులు నిలుస్తాయా? ఏ తోలు కొనాలి?

మీరు అడిగింది ఇదీ: పర్లాకిమిడిలో ఉంటున్నారు, తోలుతో చెవిరింగులు, మెడలో వేసుకునే బిళ్లలు చేసి అమ్మాలని ఉంది. తోలుబొమ్మలకు వాడే తోలు కొనాలా, చెన్నై తోలు తెప్పించాలా, వానాకాలంలో బూజు పట్టదా అని. నేను బరంపురంలో ఇదే పని చేస్తాను. పెద్ద దుకాణమేం కాదు, ఇంటి వరండాలో ఒక బల్ల, దాని మీద కత్తులు.

బొమ్మల తోలంటే మనసు పడటంలో ఆశ్చర్యం లేదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు చెందిన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అక్కడివాళ్లు బొమ్మలతో పాటు దీపాలకు తొడిగే లాంప్‌షేడ్లు, గోడ బొమ్మలు కూడా చేస్తున్నారు. అయితే అది శుద్ధి చేసిన తోలు కాదు, వెంట్రుకలు గీకేసి సాగదీసి ఆరబెట్టిన మేకతోలు. అందుకే వెలుతురు దాంట్లోంచి దూరి రంగులు వెలుగుతాయి, అందుకే గాలిలో తేమ తగిలితే మెత్తబడి మెలికలు తిరుగుతుంది కూడా. ధర్మవరం వైపు ఎండలకు అది సరిపోతుంది. మన దగ్గర శ్రావణంలో చెవికి వేలాడదీస్తే సాయంత్రానికి అంచులు పైకి లేస్తాయి. ఇత్తడి చట్రంలో బిగించి గోడకు పెట్టుకోండి, చెవికి మాత్రం వద్దు.

చెవికీ మెడకీ కావలసింది చెట్ల కషాయంతో శుద్ధి చేసిన మేకతోలు. తంగేడు చెక్క, కరక్కాయ వేసి చేసేది తమిళనాడులో పాతకాలం నుంచీ ఉంది, ఈస్టిండియా తోలు అంటారు. చెన్నైలో పెరియమేట్‌లో దొరుకుతుంది. అవతల కలకత్తా కూడా తోలుకు పెద్ద బజారే. మనకు హౌరా-చెన్నై రైలుదారి దగ్గరే కాబట్టి ఎటు నుంచైనా పార్సిల్ వస్తుంది. సుమారు ఒక మిల్లీమీటరు మందం అడగండి. సన్నగా ఉంటే రెండు పొరలు సొల్యూషన్‌తో అతికించుకోవచ్చు.

ఈ తోలు గొప్పతనమంతా తడిపి మలచడంలో ఉంది. స్పాంజితో రెండు వైపులా నీళ్లు అద్దండి. రంగు ముదురుతుంది. అలాగే వదిలేస్తే కాసేపటికి పైన పాత రంగు తిరిగొస్తూ ఉంటుంది, లోపల మాత్రం చెమ్మ ఉంటుంది. చెంపకు ఆనించి చూస్తే చల్లగా తగలాలి, తడి అంటకూడదు. పని పట్టాల్సింది అప్పుడే. ఆకు ఈనెలు గీసినా, వేలి మీద చుట్టి గవ్వలా వంచినా, ఆరాక ఆ రూపం అలాగే నిలిచిపోతుంది. నీడనే ఆరనివ్వాలి, ఎండలో పెడితే బిరుసెక్కి పగులుతుంది. గీతలు నొక్కడానికి ఇనుప పనిముట్టు వాడకండి. మీ ఊరు కొమ్ము పనికి పేరున్న ఊరు కదా, అక్కడి పనివాళ్ల చేత మొన తేల్చిన ఒక కొమ్ముముక్క నున్నగా చేయించుకోండి. నేను వాడేది అదే, దానికి సాటి వచ్చే సాధనం నాకింతవరకూ దొరకలేదు.

ఇనుము ఎందుకు వద్దంటే, ఈ తోలులో కరక్కాయ వగరు ఉంటుంది. తడి మీద ఇనుము తగిలితే నల్లమచ్చ పడుతుంది. కలంకారీలో నలుపు వచ్చేదీ ఇలాగే, కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుప కసిమి (బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు ఊరబెట్టి తీసిన ద్రవం) రాసి. మచ్చ కొత్తదైతే నిమ్మరసం అద్దితే చాలావరకు తగ్గుతుంది. బంగారు రంగు పూసిన చౌక ఇనుప రింగులు కూడా చెమటకు ఇదే పని చేస్తాయి. పైగా వాటి పూతలో నికెల్ ఉంటుంది. మా పిన్ని కూతురికి అలాంటి కొక్కేలతోనే చెవులు పుళ్లు పడ్డాయి, పాపం తోలును తిట్టుకుంది. కొక్కేలు వెండివే పెట్టండి, కంసాలి దగ్గర తీగ చుట్టించుకుంటే పెద్ద ఖర్చేం కాదు.

బజారులో ఎక్కువగా దొరికేది క్రోమ్ తోలు, అంటే చెట్ల కషాయం బదులు క్రోమియం లవణాలతో శుద్ధి చేసింది. మెత్తగా ఉంటుంది, నీళ్లకు ఓర్చుకుంటుంది, మెడతాళ్లకు బాగుంటుంది, కానీ మలిచిన రూపం పట్టదు. గుర్తుపట్టడానికి కోసిన అంచు చూడండి. మధ్యలో నీలంగానో బూడిద రంగుగానో ఉంటే చాలాసార్లు క్రోమే. చిన్న ముక్క కాలిస్తే బూడిద ఆకుపచ్చగా వస్తుంది. శుద్ధి సరిగ్గా లేకపోతే ఇందులో క్రోమియం-6 అనే హానికరమైన రూపం పుట్టి చర్మానికి దద్దుర్లు తెస్తుంది. యూరప్‌లో 2015 మే నుంచి ఒంటికి తగిలే తోలు వస్తువుల్లో అది కిలోకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. విదేశాలకు అమ్మే ఆలోచన ఉంటే పరీక్ష కాగితం ఉన్న సరుకే కొనండి.

చేత్తో తడుముకునే వస్తువులు కూడా చేసి చూడండి, మేళాల్లో చెవిరింగుల కంటే ముందు జనం వాటినే పట్టుకుంటారు. నునుపైన ఏటిరాయి తీసుకుని, నానబెట్టిన పచ్చితోలు (బొమ్మల తోలులాగా శుద్ధి చేయనిది) చుట్టి, ఆరెతో, అంటే చెప్పులు కుట్టేవాళ్ల సూదితో, బెజ్జాలు పొడిచి గట్టి దారంతో కుట్టాలి. ఆరేకొద్దీ తోలు బిగుసుకుని రాయిని డప్పు వలయంలా పట్టేస్తుంది. ఒకవైపు నున్నటి రాయి, ఒకవైపు గరుకు తోలు, మధ్యలో కుట్టు గుబ్బలు. బొటనవేలికి మంచి కాలక్షేపం. వీటికి మన తేమతో పేచీ లేదు, కాస్త వదులైనా రాయి ఎక్కడికి పోతుంది!

కొండల వైపు నుంచి ఎవరైనా ఉడుంతోలు, పాముతోలు, దుప్పితోలు తెచ్చి చవగ్గా ఇస్తామంటే ముట్టుకోకండి. 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. ఒడిశాలో రావణ ఛాయ అనే తోలుబొమ్మలాట బొమ్మలు పూర్వం జింకతోలుతో చేసిన మాట నిజమే, ఆ మాట చెబితే ఫారెస్టువాళ్లు వదలరు. పాము పొలుసుల రూపే కావాలంటే మేకతోలు మీద అచ్చువేసింది దొరుకుతుంది.

ఇక బూజు. ప్లాస్టిక్ కవర్లో పెడితే తప్పకుండా పడుతుంది. నూలుగుడ్డ సంచి, గాలి ఆడే అల్మరా, వానాకాలంలో సిలికా జెల్ పొట్లాలు. అంచులు తడిపి గట్టిగా రుద్ది, తేనెమైనం పట్టిస్తే తడి లోపలికి దిగడం తగ్గుతుంది. తెల్లగా పొడిలా కనిపిస్తే బయట పొడిగుడ్డతో తుడిచి గాలికి పెట్టండి, తోలుకేం కాదు.

మొదటిసారే నిండు తోళ్లు కొని డబ్బు పెట్టేయకండి. బ్యాగులు కుట్టేవాళ్ల దగ్గర మిగిలే ముక్కలు కిలోల లెక్కన ఇస్తారు. చెవిరింగుకు అరచేతిలో సగం ముక్క చాలు. అడిగేటప్పుడు కషాయం తోలు ముక్కలు విడిగా ఏరి ఇమ్మనండి, లేకపోతే సంచి నిండా క్రోమే వస్తుంది.