లెగ్ పీసులు పైన మాడి, లోపల పచ్చిగా ఉంటే

20 మందికి పెరట్లో బార్బెక్యూ పెడితే లెగ్ పీసులు పైన మాడి, ఎముక దగ్గర పచ్చిగా ఉన్నాయన్నారు కదండీ. తప్పు మసాలాది కాదు, నిప్పులది. గ్రిల్ అడుగంతా బొగ్గు పరిచేసి ఉంటారు. ఈసారి మొత్తం ఒక పక్కకే తోయండి. బొగ్గు మీద తెల్ల బూడిద కమ్మాక ముక్కలు ఖాళీ పక్కన పెట్టి మూత వేయండి. మూత లేని గ్రిల్ అయితే పెద్ద స్టీలు గిన్నె బోర్లించినా సరే. 35-40 నిమిషాలు పడుతుంది, మధ్యలో ఒక్కసారి తిప్పితే చాలు. ఊరికే మూత తీస్తే వేడంతా పోతుంది. ఎముకకు తగలకుండా థర్మామీటర్ గుచ్చితే 74 డిగ్రీల సెల్సియస్ చూపించాలి. ఆఖర్న రెండు నిమిషాలు నిప్పుల మీదికి జరిపితే రంగు వస్తుంది. తేనె, సాసు అప్పుడే పూయండి, ముందే పూస్తే అందులోని చక్కెర మాడుతుంది. పచ్చి చికెన్ పెట్టిన పళ్లెంలో కాల్చినవి వేయకండి. బొగ్గు అంటించడానికి కిరోసిన్ మాత్రం వద్దు, ముక్కలకు ఆ వాసన పడుతుంది.