ముందు బొంత పట్టు, రాట్నం తర్వాత

అమ్మీ,

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. పెట్టె రాట్నం, పది ఊలు ఉండలు, అల్లిక సూదుల సెట్టు, బొంత కోసమని చదరాలుగా కోసిన కొత్త గుడ్డల ప్యాకెట్టు. జీతం పడిన వారంలోనే ఇవన్నీ కొన్నావని మీ నాయన ఫోన్‌లో సణిగాడు. నేను నీ తరఫునే మాట్లాడాను. రాత్రిపూట ఫోన్ పక్కన పడేయాలంటే చేతులకు ఇంకో పని ఉండాలన్నావు చూడు, ఆ మాట నాకు నచ్చింది. కాకపోతే మూడూ ఒకేసారి మొదలుపెడితే మూడూ అటకెక్కుతాయి. మా ఇంటి అటక మీద ఏమేమున్నాయో నీకు తెలియనిదా!

ముందు బొంత కుట్టు. అల్లికలో ఒక కుట్టు జారితే కింది వరుసల్లోకి ఊడుకుంటూ పోతుంది. వడికేటప్పుడు చెయ్యి తడబడితే పోగు తెగుతుంది. బొంతకు ఆ బాధ లేదు, కుట్టు వంకర పోయినా కప్పుకోవడానికి అడ్డం రాదు. నా మొదటి బొంతలో ఒక్క వరుసా తిన్నగా లేదు. మీ జేజి చూసి "పాము పాకినట్టుందే" అంది. అన్నదే గానీ పదేళ్లు అదే పరుచుకుంది.

ఆ కొన్న ముక్కల్ని అట్లే పక్కన పెట్టు. మీ అమ్మను రెండు పాత కాటన్ చీరలు అడుగు. అయిదున్నర మీటర్ల చీరంటే దాదాపు 18 అడుగులు. మూడు పొరలుగా మడిస్తే ఆరడుగుల పొడవు వస్తుంది, వెడల్పు నాలుగడుగులకు కాస్త అటూ ఇటూ. రెండో చీరను కూడా అట్లే మడిచి కింద వేస్తే ఆరు పొరలు. ఒంటి మంచానికి సరిపోయే బొంత, కత్తెర పట్టే పనే లేదు. పాలిస్టర్ కలిసిన చీర మాత్రం వద్దు, చెమట పీల్చదు, కర్నూలు ఎండల్లో ఒంటికి అంటుకుంటుంది. జరీ అంచుంటే కోసెయ్, గుచ్చుకుంటుంది. ఎప్పుడైనా కొత్త గుడ్డ వాడాలనిపిస్తే ముందు నానబెట్టి, ఉతికి, ఆరేసుకో. లేకుంటే మొదటి ఉతుక్కే అది కుంచించుకుపోయి బొంతంతా ముడతలు పడుతుంది.

మీ హాల్లో పరిచింది బేతంచెర్ల నాపరాళ్లే కదా. రాయికీ రాయికీ మధ్య గీత ఉంటుంది, చీర అంచును ఆ గీతకు ఆనించి పరుచు. ఇంక స్కేలుతో పని లేదు. నాలుగు మూలలా ఏదో ఒక బరువు పెట్టి, నడుమ నుంచి అంచుల వైపు పెద్ద పెద్ద టాకాలు వేసుకుంటూ పో. అంచు నుంచి లోపలికి వస్తే వదులంతా నడుమకు చేరి బుడిపె కడుతుంది. కర్ణాటకలోని సిరుగుప్ప నుంచి కాపురానికొచ్చిన మా పక్కింటామె బొంతను కౌది అంటుంది. ఆమె అంచు వెంబడే మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడుమకు వస్తుంది, ఒక్క బుడిపె పడదు. ఆ చెయ్యి వేరు, ఆమెను చూసి నువ్వు అట్లా మొదలుపెట్టొద్దు.

టాకాలయ్యాక అంగుళానికొక వరుస కుట్టు. నాలుగడుగులకు 48 వరుసలు, ఒక్కోటి ఆరడుగులు, అంతా కలిపి 288 అడుగుల కుట్టు. లెక్క చూసి బెదిరిపోకు. రోజుకు రెండు వరుసలైతే నెల తిరక్కముందే అయిపోతుంది. సూది కాస్త లావుది తీసుకో, అట్లని దబ్బనం పట్టకు, గుడ్డకు బొక్కలు పడతాయి. దారం మూరెడు మూరెడుగా కోసుకో. బారెడు దారంతో పని తొందరగా అవుతుందనుకుంటారు గానీ ముడులు విప్పడానికే పొద్దు పోతుంది.

ఇక రాట్నం. గాంధీగారు యరవాడ జైల్లో ఉన్న రోజుల్లో రూపుదిద్దుకుంది ఆ పెట్టె రాట్నం, అందుకే దాన్ని యరవాడ చక్రం అంటారు. మంచి వస్తువే కొన్నావు. కానీ ఒక చేత్తో చక్రం తిప్పుతూ ఇంకో చేత్తో దూది లాగడం మొదటి రోజే పట్టుబడదు, విసుగొచ్చి మూసేస్తావు. దానికంటే ముందు తకిలి తిప్పు, అంటే చేత్తో తిప్పి నూలు వడికే చిన్న కదురు. దాని కొనను చిన్న గిన్నెలో ఆనించి, కుడిచేత్తో బొంగరంలా తిప్పుతూ ఎడమచేత్తో దూదిని మెల్లగా పైకి లాగాలి. పత్తి పింజ, అంటే ఒక్కో పోచ పొడవు, అంగుళం పైన కాస్తే ఉంటుంది. పురి ఎక్కకముందే లాగితే పోగు తెగుతుంది, పురి మరీ ఎక్కితే మెలికలు పడి తనలో తనే చుట్టుకుంటుంది. ఆ రెంటికీ నడుమ ఎక్కడ ఆగాలో నేను చెప్పలేను, వేళ్లకే తెలియాలి. వారం పడుతుంది. పోగు గట్టిగా ఉండాలంటే రెండు పోగులు కలిపి పేనుకో, కానీ వడికింది ఎటు తిప్పి వడికావో దానికి ఎదురు తిప్పాలి.

దూది కొనొద్దు. అత్త పత్తికి పేరున్న ఆదోనిలో ఉండగా నువ్వు దూది కొన్నావంటే నలుగురూ నవ్వుతారు. పరుపుల్లోంచి తీసింది పనికిరాదు, పింజ పొట్టి. బూరుగు దూది అసలే వద్దు, నున్నగా జారిపోతుంది, పురి పట్టదు. దూదిని పలుచగా పరిచి, చీపురుపుల్లకు చుట్టి, పుల్ల లాగేస్తే మిగిలేదే ఏకు. "ఏకు మేకైంది" అని తిట్టుకునేవాళ్లలో ఏకును చూసినవాళ్లు ఇప్పుడెంతమందో! ఇంకో మాట, మే నెలలో వడకబోకు. గాలి పొడిగా ఉంటే పోగు ఊరికే తెగుతుంది. నూలు మిల్లుల్లో కూడా అందుకే గాలికి తేమ పట్టిస్తారు. వానాకాలం పొద్దున్నే కూర్చుంటే సాఫీగా వస్తుంది.

అల్లిక చలికాలానికి ఉంచుకో. చెమట చేతులతో ఊలు పట్టుకుంటే ఒళ్లు మండుతుంది. నువ్వు కొన్నది చాలావరకు అక్రిలిక్ అయి ఉంటుంది, లేబుల్ చూడు. అదైతే పొయ్యి దగ్గర గిన్నెలు పట్టుకోవడానికి అల్లకు, సెగకు కరుగుతుంది. సూదుల మీద పాత నంబర్లుంటే అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, 8 నంబరంటే 4 మిల్లీమీటర్లు. దాంతోనే మొదలుపెట్టి 20 కుట్లతో మచ్చుముక్క అల్లి కొలుచుకో. అది 10 సెంటీమీటర్లొస్తే పసిబిడ్డ టోపీకి 64 కుట్లు చాలు, ఎట్లాగూ సాగుతుంది. ముక్కను అటూ ఇటూ తిప్పుకుంటూ అన్నీ నిట్ (మామూలు అల్లిక కుట్టు) వరుసలే వెయ్యి, అంచులు చుట్టుకోవు. చేతి తొడుగులు అల్లితే లోపల పోగులు వేలాడకుండా చూడు, బిడ్డ వేళ్లకు చుట్టుకుంటాయి. అయినా మనవాళ్లు నలభై అయిదు డిగ్రీల ఎండలో కూడా పసివాళ్లకు ఊలు టోపీ ఎందుకు పెడతారో నాకిప్పటికీ అర్థం కాదు.

నాలుగు వస్తువులు చేయగానే "అమ్ముకోవచ్చు కదా" అంటారు. నేనూ ఆ మాటకు పడ్డాను. ఒక బట్టల కొట్టుకు టోపీ, సాక్సుల జతలు పన్నెండు ఒప్పుకున్నాను. పదిహేను రోజులు గడువు. రాత్రి పదకొండు దాకా అల్లేదాన్ని, మెడ పట్టేసింది, ఒకటే టెన్షన్. డబ్బులు సగమే చేతికొచ్చాయి. ఆ తర్వాత ఆరు నెలలు సూది ముట్టలేదు. డబ్బుకు నీకు ఉద్యోగముంది. ఎవరైనా అడిగితే ఊరికే ఇవ్వు, లేదా ఇవ్వనని చెప్పు. గడువు మాత్రం ఒప్పుకోకు.

వచ్చే నెల మీ నాయన ఇటు వస్తానన్నాడు. తకిలి, సంచీ నిండా దూది అతని చేతికే ఇస్తాను. బొంత సగం కుట్టినట్టు కళ్లారా చూశాకే నీకివ్వమని చెప్పి పంపుతాను.

ఇట్లు,
మీ అత్త