శకం ముగుస్తుందా?

సందేహం: జాన్ ఫోర్డ్ 1962లో తీసిన ‘ది మ్యాన్ హూ షాట్ లిబర్టీ వాలెన్స్’ సినిమా మీద ఒక వ్యాసం చదివాను. ‘అమెరికా పడమటి సీమలో ఒక శకం ముగిసింది’ అని రాశారు. ‘యుగం ముగిసింది’ అనాలి కదా?

సమాధానం: శకం అంటే ఏళ్ల లెక్క. శకరాజుల పేరున సా.శ. 78 నుంచి సాగుతున్నది. కర్ణాటకలోని ఐహొళె శాసనంలో చాళుక్యుల ఆస్థానకవి రవికీర్తి శకరాజుల ఏళ్లు 556 గడిచాయని రాశాడు. ఆ లెక్క మన పంచాంగాల్లో ఇవాళ్టికీ నడుస్తోంది. లెక్కించేవాళ్లున్నంత కాలం ముగియదు. యుగానికైతే ‘యుగాంతం’ ఉండనే ఉంది. మీ సవరణ మేలే. కానీ ‘కాలం చెల్లింది’ అనే చక్కని పలుకుబడి చేతిలో ఉండగా ఈ రెండూ ఎందుకండీ? ఎవరు పదవి దిగినా, ఎవరు పోయినా శకాన్ని ముగించేసే పత్రికల తొందర నాకు నచ్చదు.

చెల్లు ధాతువు సొగసు చూడండి. తమిళ ‘సెల్’, కన్నడ ‘సల్లు’ దీని తోబుట్టువులు. మొదటి అర్థం పోవడం, సాగడం. నాణెం బజారులో సాగితే చెల్లినట్టు. బాకీ తీరితే చెల్లు. ఒకరి మాట నెగ్గినా చెల్లినట్టే. కాలం చెల్లితే మాత్రం అయిపోయినట్టు. తిరుపతి వేంకట కవుల కృష్ణుడు రాయబారంలో ‘చెల్లియొ చెల్లకో’ అని ఎత్తుకుంటాడు. పాండవులు ఇన్ని ఎగ్గులు సైచింది చేవ ఉండా, లేకనా? ఆ తేల్చుకోవడం కౌరవసభకే వదిలేశాడు. రెండు మాటల్లో ఎంత మర్యాద, ఎంత బెదిరింపు!

ఇక సినిమా. షిన్‌బోన్ ఊళ్లో టామ్ డోనిఫన్ మాటా, తుపాకీ ఒకప్పుడు చెల్లాయి. దుండగుడు వాలెన్స్‌ను చీకట్లోంచి కాల్చింది అతనే. పేరు మాత్రం లాయరు స్టాడర్డ్‌కు దక్కింది, సెనెటర్ కూడా అయ్యాడు. రైలొచ్చింది, చట్టం వచ్చింది. ఏళ్ల తర్వాత టామ్ అంత్యక్రియలకు వచ్చిన స్టాడర్డ్ మోటు చెక్కపెట్టె తెరిచి చూస్తే శవం కాళ్లకు బూట్లు లేవు. బూట్లు తొడగమంటాడు, తుపాకీ పట్టీ కట్టమంటాడు. టామ్ తుపాకీ పెట్టుకోవడం మానేసి ఏళ్లయిందని పాత మార్షల్ చెబుతాడు. ఊరంతటా మాట చెల్లినవాడూ, కాలం చెల్లినవాడూ ఆ పెట్టెలో ఉన్న ఒక్క మనిషే. రెంటికీ తెలుగు ఒకే క్రియ ఇచ్చింది. ‘శకం’ ఇంత పని చేయగలదా?

‘శకం ముగిసింది’ వాడుకలో పాతుకుపోయింది కాబట్టి తప్పని కొట్టేయలేను. ఆ వ్యాసానికి శీర్షిక నన్ను పెట్టమంటే ‘కాలం చెల్లిన తుపాకీ’ అంటాను.