టెన్‌పిన్ బౌలింగ్ బంతి మలుపు తగ్గడంపై సమాధానం

అనంతపురం నుంచి బెంగళూరు వెళ్లి టెన్‌పిన్ బౌలింగ్ (లేన్ అనే పొడవాటి బాటపై బరువైన బంతిని దొర్లించి పది పిన్నులను పడగొట్టే ఆట) ఆడుతున్న మీరు, మీ రియాక్టివ్ రెసిన్ బంతి (లేన్‌పై పట్టు కోసం ప్రత్యేక రెసిన్ పైపొర ఉన్న బంతి) ఏడాదికే మలుపు తిరగడం మానేసిందని, లోపం మీ మణికట్టుదేమోనని అడిగారు. నా అంచనాలో లోపం బంతి పైపొరదే. దానిలోని కంటికి కనిపించని రంధ్రాలు ప్రతి ఆటలోనూ లేన్‌పై పూసిన నూనెను పీల్చుకుంటాయి. దానికితోడు పైపొర గరుకుదనం అరిగి నున్నబడుతుంది కనుక, నూనె లేని చివరి భాగంలో కూడా బంతికి పట్టు దొరకదు.

వేళ్ల రంధ్రాలను నీళ్లు దిగని టేపుతో మూసి, చెయ్యి పెట్టగలిగినంత గోరువెచ్చని నీటిలో కాసేపు ముంచి ఉంచితే నూనె చిన్న చిన్న బొట్లుగా పైకి ఊరుతుంది. దాన్ని తుడిచి, బంతి కొన్నప్పుడు ఏ గ్రిట్ (గరుకుదనాన్ని చెప్పే అంకె) ఫినిష్ ఉందో అదే గ్రిట్ అబ్రలాన్ ప్యాడ్‌తో (పైపొరను రుద్దే గరుకు ప్యాడ్) అన్ని వైపులా సమానంగా రుద్దండి. ప్రతి విసురు తర్వాత మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. మన ఎండల్లో మాత్రం దాన్ని కారు డిక్కీలో వదలకండి, పగుళ్లు వచ్చే ప్రమాదముంది.