మామిడితోటలో మట్టికట్ట కుంట: పిల్లల్ని నీళ్లలో దిగనివ్వచ్చా?

మీ ప్రశ్న చదివాను అన్నా. బంగారుపాళ్యం దగ్గర మామిడితోటలో మీ నాయన వంకకు అడ్డంగా కట్టించిన కుంట ఈసారి నిండిందని, సంక్రాంతికి బెంగళూరు నుంచి పిల్లలు వస్తున్నారని రాశారు. ఈత కొట్టనివ్వచ్చా, చిన్న పడవ వేయొచ్చా అని అడిగారు. చివర్లో మాత్రం, కట్ట వెనకాల అడుగున కొంచెం తడి ఉంది, అది మామూలేనా అన్నారు. నేను ముందు దానికే జవాబు చెబుతాను. పడవ సంగతి ఆ తరువాత.

మాదీ అలాంటి కుంటే, పలమనేరు వైపు. రెండెకరాల నీళ్లు, రెండు నిలువుల కట్ట. 2021 నవంబరు వానలు మీకు గుర్తుండే ఉంటాయి. 19వ తేదీన కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. తరువాత రెండు మూడు రోజులకే తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టలోంచి నీళ్లు ఊరుతున్నాయని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. సరిగ్గా ఆ వారమే మా కట్ట కిందా తడి కనిపించింది.

నాయన ఆ ఊట నీళ్లు చెంబుతో పట్టి, గాజుసీసాలో పోసి వరండాలో పెట్టాడు. గంట తరువాత చూస్తే సీసా అడుగున గోరు మందం ఎర్రమట్టి పేరుకుని ఉంది. ఆ సీసా చూశాక ఆ రాత్రి ఇంట్లో ఎవరం నిద్రపోలేదు.

మట్టికట్ట అన్నాక ఎంతో కొంత ఊరుతుంది. ఊట తేటగా ఉండి, రోజూ అంతే ఉంటే టెన్షన్ పడాల్సిన పని లేదు, కనిపెట్టుకుని ఉంటే చాలు. బురదగా వచ్చినా, నిన్నటికంటే ఇవాళ ఎక్కువైనా అది వేరే సంగతి. నీళ్లు కట్ట లోపలి మట్టిని మోసుకొస్తున్నాయని అర్థం. ఎండ్రకాయల బొక్కలు, పందికొక్కుల బొరియలు, చచ్చిన చెట్టు వేర్లు కుళ్లిపోయిన దారులు, వీటి వెంబడే బుంగ పడుతుంది. అందుకే కట్ట మీద కంపచెట్లు మొలిస్తే మొక్కగా ఉన్నప్పుడే వేరుతో పీకేయాలి. గరిక ఉంటే మంచిదే, మట్టిని పట్టుకుంటుంది.

మా వాళ్లు బంకమన్ను తెచ్చి ఊటను మూయబోతుంటే ఊళ్లో ఒక పెద్దాయన ఆపాడు. బయటి నుంచి మూస్తే నీళ్లు ఇంకో చోట పొడుచుకొస్తాయన్నాడు. ముందు ఇసుక, దాని మీద కంకర, పైన రాళ్లు వేయించాడు. నీళ్లు పోతాయి, మట్టి నిలుస్తుంది. తరువాత వచ్చి చూసిన ఇంజినీరూ అదే సరైన పని అన్నాడు. తూము తీసి నీళ్లు కొంచెం కొంచెంగా దించుకున్నాం. ఒక్కసారిగా ఖాళీ చేయకూడదు. నానిన లోపలి వాలుకు నీళ్ల ఆసరా పోయి మట్టి జారిపోతుంది. మీకు అలా బురద ఊట కనిపిస్తే మాత్రం, ఇసుక కోసం పరుగెత్తే ముందు కట్ట కింద ఇళ్లున్న వాళ్లకు ఫోన్ చేయండి.

ఆ వారం ఇంకో తప్పు మాదే. చేపలు కొట్టుకుపోతాయని మొరవకు, అంటే కుంట నిండాక ఎక్కువైన నీళ్లు బయటికి పోయే దారికి, అడ్డంగా వల కట్టాం. వంకలో కొట్టుకొచ్చిన ఆకులు, కంపలు దానికి పట్టుకుని మొరవ మూసుకుపోయింది. చూసేసరికి నీళ్లు కట్ట మీదికి జానెడు దూరంలో ఉన్నాయి. నడుముకు తాడు కట్టుకుని కొడవలితో వల కోశాం. మట్టికట్ట మీదుగా నీళ్లు పారాయంటే కోసుకుపోవడానికి ఎంతో సేపు పట్టదు. మొరవకు వల వద్దు, నీళ్లు ఇంకొంచెం ఆపుదామని ఇసుక మూటలూ వద్దు.

ఆనకట్టల భద్రత చట్టం 2021లో వచ్చింది. అది 15 మీటర్లకు మించిన కట్టలకు, 10 నుంచి 15 మధ్య ఉన్న వాటిలో కొన్నింటికి. మన కుంటలు దాని కిందికి రావు కాబట్టి ఆ చట్టం పేరుతో ఎవరూ తనిఖీకి రారు. ఎకరంలో మీటరు లోతు నీళ్లంటే 40 లక్షల లీటర్లు, అంటే 4,000 టన్నులు. అంత బరువు ఎవరి పశువుల కొట్టం పైన నిలబెట్టి ఉంచామో చూసుకోవాల్సింది మనమే.

ఇక పిల్లల సంగతి. కట్ట దగ్గర అస్సలు దిగనివ్వకండి. లోతు అక్కడే, తూము అక్కడే, మోటారు అక్కడే. నీళ్లు వంకలోంచి వచ్చి చేరే వైపు నేల వాలుగా ఉంటుంది, ఆటలన్నీ అక్కడే పెట్టండి. అక్కడ కూడా ముందు పెద్దవాళ్లు దిగి, వెదురు గడతో అడుగడుగూ పొడిచి చూడాలి. కట్టకు మట్టి తీసినప్పుడు జేసీబీ తవ్విన గుంతలు లోపల అలాగే ఉంటాయి. మా అక్క కొడుకు మోకాలి లోతులో నడుస్తూ నడుస్తూ ఒక్కసారి కనపడకుండా పోయాడు. అరుపు లేదు, చేతులు ఊపడం లేదు. పక్కనే ఉన్న మా బావ జుట్టు పట్టుకుని పైకి లాగాడు. వాడికి తొమ్మిదేళ్లు. ఆ గుంతల చుట్టూ ఇప్పుడు వెదురు గడలు పాతి ఎర్రగుడ్డలు కట్టాం.

మునిగే పిల్లవాడు కేక వేయడు, అందుకే ఒక పెద్ద మనిషి ఫోన్ పక్కన పెట్టి నీళ్ల వైపే చూస్తూ కూర్చోవాలి. పక్కన గాలి కొట్టిన లారీ ట్యూబు, దానికి పొడుగాటి తాడు ఉండాలి. తాగిన వాళ్లు ఎవరూ దిగకూడదు, బంధువులు అలిగినా సరే. మోటారు స్టార్టరు ఆపితే చాలదు. ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి.

పడవ వేయండి, తెడ్డుది. ఎక్కే ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉండాలి, ఈత వచ్చిన వాళ్లకు కూడా. మోటారు పడవ మాత్రం వద్దు, దాని అలలు కట్ట లోపలి వాలును కొరికేస్తాయి. కొత్త నీళ్లు వచ్చిన వారం, పైన పచ్చగా తెట్టు కట్టినప్పుడు ఈత మానేయండి. కాళ్లకు పుండ్లుంటే ఎప్పుడూ దిగకూడదు, ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో జ్వరాలు వస్తాయి.

సంక్రాంతికి ఇంకా టైముంది. రేపు పొద్దున్నే ఆ తడి ఉన్న చోట చిన్న గుంత తీసి, ఊరిన నీళ్లు సీసాలో పట్టి గంట ఆగి చూడండి. అడుగున ఏముందో ఇక్కడే రాయండి, నేను చూస్తూ ఉంటాను.